బయట నిలబడే మనిషి

ఏప్రిల్ 28, 2024, ఆదివారం

ఈ రోజు నుంచి రాయాలి. నిన్న జరిగింది ఎవరికీ చెప్పుకోలేను, చెప్పుకోకుండా ఉండనూ లేను. స్నేహితురాలు సుభాషిణికి చెబితే వైదేహిని తిడుతుంది. ఊళ్లో ఉన్న అవ్వకు, అంటే మా అమ్మకు, చెబితే ఊపిరి పీల్చుకుంటుంది. బాపుకు చెబితే ఇంకా సంతోషపడతాడు. వాళ్లిద్దరూ చదవలేరు కాబట్టి ఇక్కడ ఏం రాసినా వాళ్లకు తగలదు. మా ఇంట్లో అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

నిన్న దుబాయ్ అల్ కూజ్‌లో తాళ్ల సాధన అయ్యాక వైదేహి నన్ను తన కారు దగ్గర ఆపింది. తనూ నేనూ ఫరాజ్ కలిసి గుహలోకి దిగాల్సిన ఆగస్టు ప్రయాణంలో నా పేరు లేదని చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లు నాకు ఒప్పుకోలేదట. తనకూ ఫరాజ్‌కూ ఇచ్చారట. నా బదులు చరణ్‌తేజ్ వస్తున్నాడట.

"నువ్వు లేకపోతే ఈ ప్లానే లేదు వాసంతీ. నాకెంత బాధగా ఉందో తెలుసా? ఇక్కడుండి అంతా నువ్వే చూసుకోవాలి."

సరే అన్నాను.

ఆస్ట్రియాలో ఆ గుహ పేరు మాకెవరికీ నోరు తిరగదు. అందుకని పెద్దాయన అంటాం. కొండ మీద జూలైలో కూడా మంచు పట్టి ఉండే నోరు, దాని కింద ఒకదాని తర్వాత ఒకటి నిలువు బావులు. లోపల ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉన్నంత చలి. అక్కడి క్లబ్బు వాళ్లు పంపిన పాత మ్యాపు పెట్టుకుని ఏ బావికి ఎంత తాడు, ఎక్కడ మేకు, రాత్రికి ఏ గదిలో పడుకోవాలి, పైన ఉరుము వినిపిస్తే ఎక్కడికి తప్పుకోవాలి, అన్నీ రెండేళ్లుగా నేనే గీశాను. మ్యాపు చివర ఒక సొరంగం దగ్గర గీత ఆగిపోయి ప్రశ్నార్థకం ఉంటుంది. అక్కడి నుంచి ఇంతవరకూ ఎవరూ ముందుకు పోలేదు. ఆ గీతను నేను ముందుకు గీయాలి. సర్వేయర్‌గా నన్ను తీసుకున్నదే అందుకు.

ఇప్పుడు నాకు మిగిలింది బయట నిలబడే పని. దిగేవాళ్లు బయట ఒక మనిషికి గడువు చెప్పి దిగుతారు. గడువు దాటితే ఆ మనిషి ఇంకేమీ ఆలోచించకుండా సాయం పిలవాలి.

ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే.


ఏప్రిల్ 29

నా మెసేజ్‌కు వైదేహి జవాబివ్వలేదు. ఆఫీసులో పని ఎక్కువైంది. ఆమె తప్పేం లేదు.


మే 4, శనివారం

చరణ్‌తేజ్‌కు నేర్పాను. మంచివాడే. గోడలెక్కడం వచ్చు కానీ తాడు మీద వేలాడుతూ ఒక మేకు దగ్గర ఒక తాడు వదిలి ఇంకో తాడుకు మారడం రాదు. గాల్లో గిరగిరా తిరిగాడు.

"ఏమండీ, నన్ను ఎండబెట్టిన చొక్కాలా వదిలేశారు. కిందికి దించుతారా, క్లిప్పు పెట్టి పోతారా?"

"ముందు పొట్టి తాడు తగిలించండి. తర్వాత బరువు మార్చండి. తర్వాతే పాతది విప్పాలి. ఎప్పుడూ ఏదో ఒకటి మిమ్మల్ని పట్టుకుని ఉండాలి."

మూడోసారికి వచ్చింది. దిగాక నీళ్లు తాగుతూ, నెమ్మదిగా, "భయం అందరికీ ఉంటుందండీ. అందులో తప్పేం లేదు," అన్నాడు.

పాపం, తన సంగతే చెప్పుకుంటున్నాడు.


మే 7

సుభాషిణికి చెప్పక తప్పలేదు. ఊహించినట్టే అయింది.

"ఇన్సూరెన్స్ ఆఫీసుకు నువ్వు ఫోన్ చేశావా?"

"లేదు. వైదేహి మాట్లాడింది కదా."

"ఏమే, క్లినిక్‌లో రోజుకు పది మంది ఇన్సూరెన్స్ వాళ్లతో దెబ్బలాడతాను నేను. కారణం చెప్పకుండా కాదనరు. ఫోన్ చెయ్."

చెయ్యలేదు. చేస్తే వైదేహిని అనుమానించినట్టు అవుతుంది. ఒమన్ గుహల దగ్గర రాత్రి నేను చలికి వణుకుతుంటే తన జాకెట్ విప్పి నాకు తొడిగిన మనిషి. నాకు తాడు పట్టడం నేర్పిన మనిషి. నేను కూర్చునే కుర్చీ ఇదీ అని వాళ్లింట్లో ఒక కుర్చీ చూపించిన మనిషి.


మే 9

నైఫ్ బజారులో ఉన్ని బట్టలు వెతికాను. బయట నిప్పులు కురుస్తున్నాయి. చివరికి కోల్డ్ స్టోరేజీ పనివాళ్లకు బట్టలమ్మే సనావుల్లా భాయ్ దొరికాడు.

"బేటీ, గీ ఎండల ఉన్నివా? ఆఫీసుల ఏసీ గంత ఉన్నదా?"

"గుహలకు పోతున్నరు భాయ్. దోస్తులు."

"దుబాయ్‌ల బంగారం కొంటరు, సామాను కొంటరు. చలి కొననీకి వచ్చినదానివి నువ్వే," అని నవ్వుతూ చాయ్ తెప్పించాడు. నిజామాబాద్ ఆయనట. నా మాట వినగానే పట్టేశాడు.

ముగ్గురికి తీసుకున్నాను. నా కొలతది కూడా ఒకటి తీసుకున్నాను. ఎందుకో రాయను.


మే 12, ఆదివారం

బాపును చూడ్డానికి అబుదాబి పక్క ముసఫ్ఫా వెళ్లాను. ఐకాడ్‌లో పనివాళ్ల క్యాంపు గేటు దాటి ఆడవాళ్లను రానివ్వరు. ఎప్పటిలాగే బకాలా, అదే కిరాణా కొట్టు, ముందు సిమెంటు అరుగు మీద కూర్చున్నాం. బాపు చాయ్ తెచ్చాడు, నాకు బిస్కెట్ పొట్లం. నేనింకా అయిదో తరగతిలో ఉన్నట్టే.

నేను నోరు తెరవకముందే అన్నాడు. "ఇగ పోతలేవు గద, గా దేశం?"

"లేదు బాపు."

"మంచిదయింది బిడ్డా. మంచిదయింది."

నేను చెప్పలేదు కదా, అనుకున్నాను. అవ్వ చెప్పి ఉంటుంది. అవ్వకు నేను చెప్పానా? చెప్పే ఉంటాను.

సెలవు మీద ఊరికి పోయొచ్చిన, బాపు క్యాంపులోనే ఉండే గంగాప్రసాద్ మామతో అవ్వ సకినాలు పంపిందని నాకు తెలుసు. ఏవని అడిగాను. బాపు చాయ్ గ్లాసులోకి చూశాడు.

"ఏర్‌పోర్టుల గుంజుకున్నరంట. ఏం జేస్తం."

బాపు పని ట్యాంకుల యార్డులో. పెద్ద ఇనుప ట్యాంకు లోపలికి మనుషులు దిగి వెల్డింగ్ చేస్తారు, కడుగుతారు. దిగే ప్రతి మనిషీ తన బతాకా, అంటే గుర్తింపు కార్డు, మూత దగ్గర నిలబడ్డ బాపు చేతిలో పెట్టి దిగాలి. పైకొచ్చాక అడిగి తీసుకోవాలి. లోపల ఎవరెవరున్నారో బాపు చేతిలోని కార్డులు చెబుతాయి. హోల్ వాచ్ అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కన్నం పక్కన నిలబడి పేర్లు పెట్టి పిలుస్తూ ఉండటమే పని. ఒకసారి సిరిసిల్ల పోశన్న కార్డు ఆయన చేతిలోనే మిగిలిపోయింది. బాపు దాని గురించి ఒక్కసారే చెప్పాడు, అదీ అవ్వ అడిగితే. నేను పక్క గదిలో పరీక్షకు చదువుకుంటున్నాననుకుని చెప్పాడు.

బస్సు ఎక్కేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ పెట్టడు.


మే 18

తాళ్ల లెక్క అయిపోయింది. పెద్దాయనను మొత్తం కాగితం మీద దింపేశాను. ఫరాజ్ ఫోన్ చేసి మెచ్చుకుంటూ "కమాల్ హై యార్" అన్నాడు. వైదేహి బొటనవేలి బొమ్మ పంపింది.

ఆమెకు పని ఎక్కువైంది.


మే 25, శనివారం

మెల్లగా రాయాలి.

మధ్యాహ్నం వైదేహి వాళ్లింటికి భోజనానికి పిలిచారు. ప్లాను అప్పగించాలి. వైదేహి ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. వాళ్లమ్మ బాలత్రిపురసుందరి ఆంటీ తలుపు తీసి, "రామ్మా, ఎంత చిక్కిపోయావో," అని లోపలికి తీసుకెళ్లారు. వేణుగోపాలరావు అంకుల్ టీవీ దగ్గర ఉన్నారు. నేను నా కుర్చీలో కూర్చున్నాను.

ఆంటీ స్టీలు డబ్బా మూత తీసి పళ్లెంలో సకినాలు పెట్టారు.

మా వైపు సకినాలు అందరూ చేస్తారు. పిండిని వేళ్లతో మెలిపెట్టి చుట్టుకు చుట్టు తిప్పుతారు. నడుమ ఖాళీ వదిలేస్తారు. అవ్వ వదలదు. ఆ నడుమ ఒక చుక్క పిండి అద్ది మూస్తుంది. బొక్క కనిపించొద్దంటుంది. మా వాడలో ఇంకెవరూ అలా చెయ్యరు.

పళ్లెంలో ఉన్న ప్రతి సకినానికీ నడుమ చుక్క ఉంది.

"ఇవెక్కడివాంటీ?"

"అదేంటమ్మా, మీ నాన్నగారు తెచ్చినవేగా! నీకు చెప్పలేదూ? అంత దూరం నుంచి బస్సుల్లో పడి వచ్చారు పాపం. ఎంత మర్యాదస్తులమ్మా. సోఫాలో కూచోండంటే వినరే! కింద కూచోబోయారు. మీ అంకుల్ చెయ్యి పట్టుకుని లేపారు."

అంకుల్ టీవీ గొంతు తగ్గించారు. "సుందరీ," అన్నారు. ఆంటీ ఆగలేదు.

"కళ్లనీళ్లు పెట్టుకున్నారమ్మా. నా బిడ్డను ఆ కన్నంలోకి పంపకండి సారూ, అని. ఒక్కగానొక్క పిల్లవి. మీ అంకుల్ మాటిచ్చేశారు. అమ్మాయి వెళ్లదు, నాదీ పూచీ, అని."

"ఎప్పుడాంటీ?"

"వానలొచ్చి రోడ్లన్నీ మునిగాయి చూడు, ఆ తర్వాతి వారం."

అంకుల్ లేచి నా దగ్గరకొచ్చారు. "ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదమ్మా. పెద్దవాళ్లం మాట్లాడుకున్నాం. నీ మంచికే."

నేను ఒక సకినం తీసుకున్నాను. విరిచాను. నోట్లో పెట్టుకున్నాను. అవ్వ వాము ఎక్కువ వేస్తుంది. వేసింది.

ప్లాను బల్ల మీద పెట్టి, వైదేహి రాకముందే వచ్చేశాను.


మే 26

బాపు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

బాపు ఆ ఇంట్లో కింద కూర్చోబోయాడు. నేను కుర్చీలో కూర్చునే ఇంట్లో.


మే 27

ఎత్తలేదు.


మే 28, మంగళవారం

చరణ్‌తేజ్ ఆఫీసు కింద కాఫీకి పిలిచాడు. ప్లానులో రెండు సందేహాలున్నాయన్నాడు. తీర్చాను. తర్వాత ఊరికే ఉండలేక అడిగాను, ఇన్సూరెన్స్ వాళ్లు మీకు తేలిగ్గా ఇచ్చారా అని.

"ఇన్సూరెన్సా? అదింకా తీసుకోలేదు కదండీ. జూన్‌లో అందరికీ కలిపి తీసుకుంటారట."

కాఫీ చల్లారిపోతోంది.

"మరి నేనెందుకు తప్పుకున్నానని చెప్పారు మీకు?"

అతను ఇబ్బందిగా కదిలాడు. "మీరే వద్దన్నారని... ఒమన్‌లో ఆ బావి నడుమ మీకు చేతులు బిగుసుకుపోయాయట కదా. కిందికీ పైకీ కదల్లేక ఏడ్చారని. వైదేహి గారు చెప్పారు. అది మీ దగ్గర ఎత్తొద్దని కూడా చెప్పారు. క్షమించండి."

అది నిజం. నా మొదటి పెద్ద బావి అది. నడుమ ఆగిపోయాను. వైదేహి పై నుంచి నా పక్కకు దిగి, ముఖానికి ముఖం పెట్టి, నేను కదిలేదాకా అవీ ఇవీ మాట్లాడుతూ ఉంది. తర్వాత అదే బావి మళ్లీ దిగాను, మళ్లీ ఎక్కాను. అది మా ఇద్దరి మధ్య ఉండాల్సింది. నేను చెప్పకముందే, "ఇది మన మధ్యే," అన్నది ఆమే.

బాపు వాళ్లింట్లో ఏడ్చాడు కాబట్టి నన్ను తీసేసింది. అంతవరకూ ఎలాగో ఒకలా మింగుతాను. నాకు భయమని చెప్పమని బాపు అడగలేదు.

నేను వద్దనలేదని చెబితే చరణ్‌తేజ్ లేస్తూ అన్నాడు. "నిజానికి మీరు వదులుకున్న చోటు కాదని తెలిస్తే వచ్చేవాణ్ని కాదండీ. నేను తప్పుకుంటాను. ఇప్పుడే ఫరాజ్‌కు చెబుతాను."

చెప్పాడు కూడా.


జూన్ 1, శనివారం

సాధన గోడ దగ్గర వైదేహి. నడుముకు పట్టీలు బిగించుకుంటోంది. నన్ను చూసి చేతులు ఆపింది.

"అమ్మ చెప్పింది, నువ్వొచ్చి వెళ్లావని. నీకు నేనే చెబుదామనుకున్నాను."

"ఎప్పుడు? ఆస్ట్రియా నుంచి వచ్చాకా?"

"నన్నేం చెయ్యమంటావు వాసంతీ? ఒక పెద్దాయన మా హాల్లో కూచుని ఏడిస్తే? నీకు చెబితే మీ నాన్నతో గొడవ పడతావు. మీ ఇద్దరి మధ్య చిచ్చు పెట్టినట్టవుతుంది. ఇన్సూరెన్స్ అంటే ఎవరి మీదా కోపం ఉండదనుకున్నాను."

"మరి చరణ్‌తేజ్ వాళ్లకు నాకు భయమని ఎందుకు చెప్పావు?"

ఆమె పట్టీ కొసను మళ్లీ దూర్చింది, మళ్లీ తీసింది.

"వైదేహీ, ఎందుకు చెప్పావు?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా. ఫరాజ్ ఊరుకోడు. ఇంతకంటే మంచి సర్వేయర్ దొరకదని రెండు రోజులు నా ప్రాణం తీశాడు. ఆ మాట చెబితేగానీ ఆగలేదు."

గోడ పైన ఎవరో "తాడు!" అని అరిచారు. ఇద్దరం ఒకేసారి పక్కకు జరిగాం. అలవాటు. తాడు మా మధ్య పడింది.

"నా పేరు మళ్లీ పెట్టు," అన్నాను.

"నాకేం అభ్యంతరమే? కానీ మా నాన్న మాటిచ్చారు. మీ నాన్నే మా నాన్నకు ఫోన్ చేసి పర్లేదనాలి. లేకపోతే రేపు ఏదైనా జరిగితే ఆయన ముఖం ఎలా చూస్తారు మా నాన్న?"

"నా పేరు తీసేటప్పుడు ఎవరూ నన్ను అడగలేదు. పెట్టాలంటే మాత్రం ఇద్దరు నాన్నలు కావాలా?"

"అలా మాట్లాడకు."

"ఎలా మాట్లాడాలి?"

ఏడ్చింది. నేను ఏడవలేదు. పేర్లు పదిహేనో తారీఖు శనివారం పొద్దున అక్కడి క్లబ్బుకు పంపాలట. చరణ్‌తేజ్ ఖాళీ చేసిన చోటు అప్పటిదాకా ఉంచుతానంది. ఫరాజ్‌కు నిజం చెప్పమన్నాను. చెబుతానంది.


జూన్ 3

ఫరాజ్ ఫోన్. "వాసంతీ, ఉస్‌నే సబ్ బతా దియా. నాకు తెల్వదు యార్. నిజంగ తెల్వదు. గాలీ దేనా హై తో దే."

తిట్టలేదు. అయితే చెప్పింది. కనీసం అది చేసింది.


జూన్ 5

ఆమె కట్టిన తాడు మీద నేను మళ్లీ దిగగలనా?

ఇదే ప్రశ్న బస్సులో వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు. ముందు వైదేహి దిగి తాళ్లు కడుతూ పోతుంది. వెనక నేను. నా బరువంతా ఆమె వేసిన ముడి మీద. ముడి వేసేటప్పుడు ఆమె ఎవరినీ మోసం చెయ్యదు. అది నాకు తెలుసు. ముడి దగ్గర అంత నిజాయితీగా ఉండే మనిషి నోటి దగ్గర ఎందుకలా ఉందో తెలియదు.

దిగగలను. మునుపటిలా పక్కన కూర్చుని తినలేనేమో.


జూన్ 6

బాపు ఫోన్. ఎత్తలేదు. గంగాప్రసాద్ మామ ఫోన్ చేశాడు.

"అమ్మా వాసంతీ, నాయిన తింటలేడు. ఏమైందని అడిగితె చెప్తలేడు. ఒక్క మాట మాట్లాడరాదు?"

మాట్లాడతానన్నాను.

ఏం మాట్లాడాలి? బడికి పంపింది ఆయన. ఊళ్లో అందరూ ఆడపిల్లకు ఇంజనీరింగ్ దేనికన్నా వినకుండా చదివించింది ఆయన. సర్వే మిషన్ పక్కన నేను దిగిన ఫొటో ఫోన్‌లో పెట్టుకుని క్యాంపంతా చూపించింది ఆయన. నా గురించి ఒక మాట అడగాలనుకున్నప్పుడు నన్ను వదిలి వేరేవాళ్లింటికి పోయింది కూడా ఆయనే. అవ్వ నాకని చేసిన సకినాలు పట్టుకుని.

సుభాషిణి అంది: "ఆయన భయం నీకు అర్థమవుతోంది కదా. అదే నీ తంటా. అర్థమైతే కోపం పోవాలని ఎక్కడా లేదు."


జూన్ 9, ఆదివారం

బాపుకు ఉత్తరం రాస్తే వేరేవాళ్లతో చదివించుకోవాలి. ఫోన్‌లో మాట్లాడితే నేను సగం చెప్పకముందే ఆయన "సరే బిడ్డా, సరే" అని ముగించేస్తాడు. అందుకే వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపుతాను. తడబడకుండా ముందు ఇక్కడ రాసుకుని చూసి చదువుతాను. వైదేహికి ఇలా చెప్పాను: శుక్రవారం దాకా ఆగు, నువ్వు గానీ అంకుల్ గానీ బాపుకు ఫోన్ చెయ్యొద్దు.

"బాపూ, నేను వాసంతిని. ఇది మొత్తం ఇను. నడుమల ఆపకు. గంగాప్రసాద్ మామ ముంగట ఇనకు, ఒక్కనివే ఇను.

నువ్వు రావు సారు ఇంటికి పోయిన సంగతి నాకు ఎరుకే. సకినాలు సూసిన. నడుమ సుక్క సూసి అవ్వ చేతివని పట్టిన. ఏర్‌పోర్టుల గుంజుకున్నరని నాకు అబద్ధం చెప్పినవు. నువ్వు నాకు అబద్ధం చెప్పుడు ఇదే మొదలు. గందుకే ఫోన్ ఎత్తలే. కోపం ఇంక పోలే. పోయిందని చెప్పను.

నువ్వు ఎందుకు భయపడ్డవో ఎరుకే. పోశన్న బతాకా సంగతి ఆ దినం నేను ఇన్న. నిద్రపోలే, సదువుకోలే, ఇన్న.

నేను పోయే గుహల గూడ నీ అసొంటి మనిషి ఒకలు ఉండాలె. లోపటికి పోయేముంగట ఆ మనిషికి చెప్పి పోవాలె, ఫలాన యాళ్లకు బయటకొస్త అని. రాకుంటె ఆ మనిషి మందిని పిలువాలె. కొండ మీద ఆ దేశపోళ్ల మనిషి ఉంటడు. ఇక్కడ మన మనిషి ఒకలు ఉండాలె. నేను ఆ మనిషి నువ్వే కావాలంటున్న. నా బతాకా నీ చేతుల పెట్టి పోత. బయటకు రాంగనే మొదటి ఫోన్ నీకే. యాళ్ల దాటితె సుభాషిణికి ఫోన్ జెయ్యి, ఏం జెయ్యాల్నో ఆమెకు ఎరుకే. ఇన్నేండ్లు ఎవలెవల బిడ్డలకో నిలబడ్డవు. నాకు నిలబడుమంటున్న.

నువ్వు సరే అంటె, రావు సారుకు ఫోన్ చేసి ఆ మాట నువ్వే చెప్పు. ఆ ఇంటికి పోకు. ఫోన్‌లనే చెప్పు. కుర్సీల కూసోని చెప్పు బాపూ. కింద కూసోకు.

కాదంటవా, కాదని నాకే చెప్పు. ఇంకెవ్వలకో చెప్పి నాకు పంపియ్యకు. అప్పుడు నేనేం జేస్తనో అది గూడ నీ మొఖానే చెప్త, నీ యెన్క చెయ్య.

పేర్లు శనివారం పొద్దుగాల పోతయి. శుక్రవారం, పద్నాలుగో తారీఖు, డ్యూటీ దిగినంక నాకు ఫోన్ జెయ్యి. ఈసారి ఎత్తుత. అవునో కాదో, నీ నోటితోని నాకు చెప్పు."